మూడు అబద్ధపు పత్రాలు: ‘షాలిమార్ ద క్లౌన్’ నవలలో ప్రేమ, ద్రోహం, రాజకీయ హింస

1. ఉపోద్ఘాతం

సల్మాన్ రష్దీ ఆంగ్లంలో రచించిన ‘షాలిమార్ ద క్లౌన్’ నవల 2005లో వెలువడింది. కశ్మీరు లోయలోని పచిగాం అనే కల్పిత గ్రామం, రెండవ ప్రపంచ యుద్ధకాలపు స్ట్రాస్‌బర్గ్ నగరం, 1960లనాటి ఢిల్లీ, 1990ల ఆరంభంలోని లాస్ ఏంజిలెస్ నగరం ఈ నవలకు ప్రధాన రంగస్థలాలు. ఒక వివాహిత భర్తను విడిచి అమెరికా రాయబారి వెంట వెళ్లిపోతుంది. ఆ భర్త సాయుధ పోరాటంలో చేరి హంతకుడవుతాడు. ఏళ్లు గడిచాక మాజీ రాయబారిని అతని కుమార్తె నివసించే భవనం వాకిట్లోనే గొంతు కోసి చంపుతాడు. స్థూలంగా కథ ఇంతే.

ఈ కథాంశంపై సహజంగానే ఒక ఆక్షేపణ వస్తుంది. కశ్మీరు సంక్షోభం వంటి చారిత్రక విషాదాన్ని మోసపోయిన భర్త ప్రతీకారంగా కుదించడం న్యాయమేనా? దీనికి సాధారణంగా చెప్పే సమాధానం నవలను అన్యాపదేశంగా చదవమని. బూన్యీ కశ్మీరు, మాక్స్ అమెరికా, షాలిమార్ తీవ్రవాదం అనుకుంటే వ్యక్తిగత కథ రాజకీయ కథ అయిపోతుంది. తృతీయ ప్రపంచ రచనలన్నీ జాతీయ అన్యాపదేశాలేనని ఫ్రెడరిక్ జేమ్సన్ 1986లో ప్రతిపాదించడం, మరుసటి ఏడాదే ఐజాజ్ అహ్మద్ దానిని ఖండించడం సాహిత్య పరిశోధకులకు తెలిసినవే.

పై రెండు మార్గాలూ ఒకే చోట దెబ్బతింటాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ చోటు బూన్యీ పాత్ర. ఆమెను కేవలం వ్యభిచరించిన భార్యగా చూసినా, కేవలం కశ్మీరు భూమిగా చూసినా, నవలలో గ్రామం ఆమెకు చేసిన అన్యాయాన్నే విమర్శకుడూ తిరిగి చేసినట్లవుతుంది. నవలలో కనిపించే మూడు అబద్ధపు పత్రాల ఆధారంగా ఈ ప్రతిపాదనను నిరూపించడం వ్యాస లక్ష్యం.

2. కథాసంవిధానం – పేర్ల రాజకీయం

నవలలో ఐదు భాగాలున్నాయి. అవి వరుసగా ఇండియా, బూన్యీ, మాక్స్, షాలిమార్ ద క్లౌన్, కశ్మీరా. ప్రతి భాగానికీ ఒక వ్యక్తి పేరే శీర్షిక. కానీ వీటిలో ఏదీ నిలకడైన పేరు కాదు. షాలిమార్ అసలు పేరు నోమన్ షేర్ నోమన్. బూన్యీ అసలు పేరు భూమి. మాక్స్ ఓఫుల్స్ పేరు ఒక ప్రసిద్ధ చలనచిత్ర దర్శకుని పేరు. ఆ దర్శకుడూ నాజీల కారణంగా ఐరోపా విడిచి అమెరికా చేరినవాడే. ఇక మొదటి భాగంలోని ఇండియా, చివరి భాగంలోని కశ్మీరా ఒకే యువతి.

కథ హత్యతో మొదలై వెనుకకు నడుస్తుంది. ఎవరు చంపారన్నది మొదటి భాగంలోనే తెలిసిపోతుంది. కనుక పాఠకుని ఆసక్తి కారణం మీదికి మళ్లుతుంది. కారణాన్ని వెతుకుతూ వెళ్లే కొద్దీ 1947 అక్టోబరులో దసరా నాటి రాత్రి షాలిమార్ తోట వరకు వెళ్లవలసివస్తుంది. కబాయిలీల దండయాత్ర వార్త లోయలో వ్యాపిస్తున్న ఆ రాత్రే నోమన్, భూమి ఇద్దరూ జన్మిస్తారు. భూమిని కని తల్లి పంపోష్ మరణిస్తుంది. ప్రేమికుల జన్మనూ కశ్మీరు విభజననూ ఒకే రాత్రికి ముడివేయడం ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’ నుంచీ రష్దీకి అలవాటైన శిల్పమే. అన్యాపదేశ పఠనానికి ఆహ్వానం పలుకుతున్నది నవలాకారుడే అనడంలో సందేహం లేదు. అయితే ఆ ఆహ్వానాన్ని నవలలోని ఒక పాత్ర తిరస్కరిస్తున్నది. ఇక్కడే అసలు చర్చ మొదలవుతుంది.

3. ‘భూమి’ని వద్దన్న బూన్యీ

పండిత ప్యారేలాల్ కౌల్ కుమార్తెకు భూమి అన్న పేరు నచ్చదు. మట్టి, రాయి, బురద అన్న అర్థాలు తనకు వద్దనుకుంటుంది. చినార్ చెట్టుకు కశ్మీరీలో ఉన్న బూన్యీ అన్న పేరును తానే ఎంచుకుంటుంది. ఇది చిన్న వివరంలా కనిపించినా పాత్రను అర్థం చేసుకోవడానికి కీలకం. భూమి అంటే ఇతరులు దున్నేది, గెలిచేది, పోగొట్టుకునేది, హద్దులు గీసేది. చెట్టు తానుగా పెరిగేది. స్త్రీని నేలగా, నేలను స్త్రీగా భావించే ప్రాచీన సంప్రదాయాన్ని ఈ బాలిక తన పేరు దగ్గరే కాదంటున్నది. అలాంటి పాత్రను తిరిగి కశ్మీరు భూమికి ప్రతీకగా వ్యాఖ్యానించడమంటే, ఆమె విడిచిపెట్టిన పేరును బలవంతంగా ఆమెకు మళ్లీ పెట్టడమే.

ఈ పఠనంలో మరో చిక్కు ఉంది. బూన్యీ కశ్మీరే అయితే ఆమె నిష్క్రమణ దేశద్రోహం అవుతుంది, ఆమెపై ప్రతీకారానికి రాజకీయ న్యాయం సమకూరుతుంది. నవల మాత్రం ఆ నిష్క్రమణను వేరే విధంగా చిత్రించింది. పచిగాం ఆమెకు చాలదు. మాక్స్ ఎదుట అనార్కలిగా నాట్యం చేసిన నాడు అతని చూపులో ఆమెకు కనిపించింది ప్రియుడు కాదు, ఒక ద్వారం. ఆమె బేరం చేస్తుంది. శిక్షణ, సౌకర్యం, భవిష్యత్తు కోరుతుంది. ఆ బేరంలో ఓడిపోతుంది. యువరాజును ప్రేమించిన నర్తకిని గోడలో సమాధి చేశారన్న అనార్కలి గాథ తెలుగు పాఠకులకు 1955 నాటి చలనచిత్రం ద్వారా కూడా సుపరిచితం. వేదికపై ఆ పాత్ర ధరించిన బూన్యీకి ఢిల్లీలో రాయబారి ఏర్పాటు చేసిన నివాసమే ఆ గోడ అయింది. ఈ ఓటమి ఒక స్త్రీ లెక్క తప్పిన ఫలితం. దీనిని ఒక దేశం ఓటమిగా మార్చగానే ఆ లెక్క వేసిన మనిషి అదృశ్యమవుతుంది.

4. కశ్మీరియత్ లోపలి ప్రతిజ్ఞ

పచిగాం భాండ్ పాథెర్ కళాకారుల గ్రామం. భాండ్ పాథెర్ కశ్మీరు జానపద నాటక రూపం. ప్రదర్శకులు ఎక్కువగా ముస్లింలైనా, హిందూ సాధువుల కథలను ఆడే ‘గోసాయి పాథెర్’ వంటివి అందులో ఉన్నాయి. ఫకీరు వేషమూ అర్ధనారీశ్వర వేషమూ ఒకే బృందం కట్టిన మన పగటివేషాల సంప్రదాయాన్ని ఎరిగినవారికి ఈ కలగలుపు వింతగా తోచదు. పొరుగునున్న షిర్మాల్ వాజ్వాన్ వంటవారి ఊరు. ఈ రెండు గ్రామాల మధ్య వంటల పోటీలను, వేషాల సందడిని నవల మమకారంతో వర్ణిస్తుంది.

పండితుల అమ్మాయి, సర్పంచి అబ్దుల్లా నోమన్ కొడుకు ప్రేమించుకున్నారని బయటపడినప్పుడు పంచాయతీ కశ్మీరియత్ పేరిట ఆ ప్రేమను సమర్థిస్తుంది. ఇరుమతాల ఆచారాలతోనూ పెళ్లి జరిపిస్తుంది. నవలలోని ఆదర్శ సమాజ చిత్రణకు ఇది శిఖరం. తరువాతి విధ్వంసానికి సైన్యం ఒకవైపు, సైన్యం వదిలేసిన ఇనుప తుక్కులోంచి పుట్టాడన్నట్లు వర్ణితుడైన ఇనుప ముల్లా బుల్బుల్ ఫఖ్ మరొకవైపు కారకులు. ఈ క్రమాన్ని చదివిన పాఠకునికి లోపల అమృతం, బయటి నుంచి వచ్చినది విషం అన్న భావం కలుగుతుంది.

కానీ ఇదే నవలలో దీనికి విరుద్ధమైన సాక్ష్యం ఉంది. పెళ్లికి ముందే, తొలి ఏకాంతంలోనే, తనను విడిచివెళితే చంపుతాననీ, మరొకరి వల్ల బిడ్డలు పుడితే వారినీ చంపుతాననీ షాలిమార్ బూన్యీతో అంటాడు. ఆమె దానిని ప్రేమ పరాకాష్ఠగా తీసుకుని మురిసిపోతుంది. లోయలో సాయుధ పోరాటం మొదలుకావడానికి రెండు దశాబ్దాలకు పైగా ముందటి మాట ఇది. అప్పటికి ఇనుప ముల్లా లేడు, శిక్షణ శిబిరం లేదు, మాక్స్ కశ్మీరులో అడుగు పెట్టలేదు. అంటే హింస బయటి నుంచి రాలేదు. కావలసిన ఆయుధం మాత్రమే తరువాత బయటి నుంచి వచ్చింది.

కనుక కశ్మీరు రాజకీయాన్ని నవల భర్త అసూయగా కుదించిందన్న ఆక్షేపణను కొంత సవరించుకోవాలి. నవల కార్యకారణ సంబంధాన్ని మరోవిధంగా చూపింది. పురుషుని పరువు పేరిట ఉన్న హింస, రాజ్యహింస, మతోన్మాద హింస ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటాయి. తాము బతికి ఉన్నంత వరకు బూన్యీని చంపబోనని ఆమె తండ్రి, తన తండ్రి షాలిమార్ చేత మాట తీసుకుంటారు. పచిగాం విధ్వంసంలో అబ్దుల్లా పోతాడు. ప్యారేలాల్ కూడా కన్నుమూశాక ఆ మాటకు కాలం చెల్లుతుంది. ఊరిని నేలమట్టం చేసిన చర్యకు బూన్యీ ఎవరో తెలియదు. అయినా ఆమెకు మిగిలిన రక్షణను తొలగించింది ఆ చర్యే. రాజకీయ హింస గృహహింసకు తలుపు తెరిచిన తీరు ఇది. అదే సమయంలో గమనించవలసినది మరొకటుంది. ఆమె ప్రాణం ఇద్దరు తండ్రుల ఆయుర్దాయంపై ఆధారపడిన పూచీకత్తు మాత్రమే. ఆ ఒప్పందంలో ఆమె ప్రమేయం లేదు.

5. మూడు పత్రాలు

ఇక వ్యాస శీర్షికలోని పత్రాల విషయం. స్ట్రాస్‌బర్గ్‌లో మాక్స్‌ది యూదు కుటుంబం, ముద్రణ వారి వృత్తి. నాజీ ఆక్రమణ కాలంలో ఆ యువకుడు తన ముద్రణ నైపుణ్యంతో దొంగ గుర్తింపు పత్రాలు తయారు చేసి మనుషులను తప్పిస్తాడు. తల్లిదండ్రులను మాత్రం కాపాడుకోలేకపోతాడు. ఇది మొదటి అబద్ధపు పత్రం. రాజ్యం చావు రాసిపెట్టిన వారికి ఇది బతుకు రాసి ఇచ్చింది. ఇందులో అబద్ధమే ధర్మం.

రెండవది పచిగాంలో పుట్టింది. బూన్యీ వెళ్లిపోయిన తరువాత ఊరూ కుటుంబమూ కలిసి ఆమె చనిపోయినట్లు అధికార పత్రాలలో నమోదు చేయిస్తాయి. ఢిల్లీలో సర్వం కోల్పోయి తిరిగి వచ్చిన ఆమెను స్నేహితురాళ్లు కూడా ప్రేతాన్ని చూసినట్లు చూస్తారు. ఆమె బతికి ఉన్న మృతురాలు. ఊరి బయట కొండమీద, ఒకప్పుడు గుజ్జరు జోస్యురాలు నజరేబద్దూర్ ఉన్న గుడిసెలో ఆమె కాలం గడుపుతుంది. ఇక్కడ పత్రం బతికున్న మనిషికి చావు రాసి ఇచ్చింది. దీనిని తయారు చేసినది నాజీలు కారు, సైన్యం కాదు, ఇనుప ముల్లా కాదు. కశ్మీరియత్ పేరిట ఆమె పెళ్లి జరిపించిన ఊరే.

మూడవది మాక్స్ భార్య పెగ్గీ సృష్టించినది. బూన్యీ కన్న ఆడపిల్లను ఆమె తీసుకువెళుతుంది. తల్లి పెట్టుకున్న కశ్మీరా అన్న పేరును తొలగించి ఇండియా అని పెడుతుంది. తల్లి గురించిన నిజం ఆ పిల్లకు చాలాకాలం అందకుండా చేస్తుంది. ఒకప్పుడు ప్రతిఘటనోద్యమంలో ప్రాణాలకు తెగించి మనుషులను సరిహద్దులు దాటించిన స్త్రీ ఈమే. అదే స్త్రీ ఇప్పుడు ఒక శిశువును తల్లి నుంచి సరిహద్దు దాటిస్తున్నది.

ఈ మూడింటినీ నవలాకారుడు ఎక్కడా పక్కపక్కన పెట్టి పోల్చలేదు. పోల్చి చూస్తే నవల నైతిక నిర్మాణం స్పష్టమవుతుంది. ఒకే నైపుణ్యం అధికారం లేనివారి చేతిలో రక్షణగా, అధికారం ఉన్నవారి చేతిలో హత్యగా మారుతున్నది. మాక్స్ జీవితరేఖ కూడా ఇదే. దొంగ పత్రాలతో బాధితులను కాపాడినవాడు తరువాత అగ్రరాజ్యానికి రహస్య కార్యకర్త అవుతాడు. సంస్కృతుల మధ్య ప్రయాణించేది ప్రేమ ఒక్కటే కాదు, ద్రోహం చేసే పద్ధతులు కూడా ప్రయాణిస్తాయి. స్ట్రాస్‌బర్గ్, పచిగాం రెండూ సరిహద్దు సీమలే. రెండింటికీ ఉన్న పోలికను భూగోళంలో కంటే ఈ కాగితాలలో వెతకడం ఎక్కువ ఫలప్రదం.

6. తలకిందులైన రామాయణం – తెలుగు అనుభవం

నవల తనంతట తానే రామాయణాన్ని ప్రస్తావిస్తుంది. అక్కడ సీత అపహృత, ఇక్కడ సీత స్థానంలోని స్త్రీ తన ఇష్టంతో అమెరికా రావణుని వెంట వెళ్లింది అన్న విపర్యయాన్ని ఎత్తిచూపుతుంది. భూమి అన్న పేరు ఉండనే ఉంది. ఈ విపర్యయం చమత్కారంగా ఉన్నా అందులో ఒక ప్రమాదముంది. సీత నిర్దోషి కనుక యుద్ధం న్యాయం, బూన్యీ దోషి కనుక యుద్ధం అన్యాయం అన్న సూత్రం అందులో ఇమిడి ఉన్నది. అంటే రెండు సందర్భాలలోనూ స్త్రీ శీలమే హింసకు కొలబద్ద అవుతున్నది.

ఈ కొలబద్దనే తిరస్కరించిన రచనలు తెలుగులో ఉన్నాయి. ఓల్గా ‘విముక్త’ కథలలో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుసుకుని, తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకోవలసిన అవసరం నుంచే విముక్తి పొందే దిశగా నడుస్తుంది. రష్దీ సీత పాత్రను తిరగవేశాడు, ఓల్గా ఆ ప్రశ్ననే మార్చింది. పాత్రను తిరగవేసినా విలువల చట్రం పాతదే కావచ్చునని ఈ పోలిక తెలుపుతున్నది.

చలం ‘మైదానం’ (1927) కూడా ఇక్కడ గుర్తుకు రాక మానదు. ప్లీడరు భర్తను విడిచి అమీరు వెంట వెళ్లిన రాజేశ్వరి కూడా కులమత సరిహద్దు దాటిన స్త్రీయే. ఆమె కథలోనూ ప్రేమ హింసకు దారితీస్తుంది. రెండు రచనలకూ ఉన్న ప్రధాన భేదం కథన స్వరంలో ఉన్నది. రాజేశ్వరి ‘నేను’ అంటూ తన కథ తానే చెబుతుంది. పాఠకుడు అంగీకరించినా లేకున్నా ఆమె వాదన పూర్తిగా వినక తప్పదు. బూన్యీ కథను మాత్రం సర్వజ్ఞుడైన కథకుడు చెబుతాడు. ఆమె కోరికను మనం అతని వ్యంగ్యం గుండా తెలుసుకుంటాము. దాదాపు ఎనభై ఏళ్ల తరువాత వచ్చిన నవలలో స్త్రీకి కథన స్వాతంత్ర్యం తగ్గడం ఆలోచించదగిన విషయం.

7. సమాధానం లేని ప్రశ్నలు

నవలలో అత్యంత బలమైన పుటలు కథకుని వాగ్ధాటి ఆగిపోయినవే. పండితుల వలసను వర్ణించేచోట, అన్ని లక్షల సైనికులు ఉండగా ఇది ఎందుకు జరిగింది అన్న ధోరణిలో ఒకే ప్రశ్న పల్లవిలా తిరిగి తిరిగి వస్తుంది. పచిగాం విధ్వంసం దగ్గర ఎవరు తగులబెట్టారు, ఎవరు కాల్చారు అంటూ ప్రశ్నలు వరుసకడతాయి. దేనికీ సమాధానం ఉండదు. ఇక ఆ ఊరు పటాలలోనూ జ్ఞాపకంలోనూ తప్ప ఎక్కడా లేదంటాడు.

చిత్రవిచిత్రాలను కుప్పలుగా పోసే రష్దీ శైలి ఇక్కడ తన పనిముట్లను కింద పెట్టింది. మాంత్రిక వాస్తవికతకు ఈ దారుణాన్ని అలంకరించే హక్కు లేదని శైలియే ఒప్పుకున్నట్లు ఉంటుంది. అంతేకాక ఈ ప్రశ్నలు రెండు దిక్కులకూ సంధించినవి. పండితుల వెతకు సైన్యం దౌర్జన్యం జవాబు కాదు, సైన్యం దౌర్జన్యానికి పండితుల వెత జవాబు కాదు. ఒకరి దుఃఖాన్ని మరొకరి దుఃఖానికి బదులుగా చెల్లించే రాజకీయాన్ని నవల నిరాకరిస్తున్నది. ఊరు పటంలో మాత్రమే మిగిలిందన్న మాట బూన్యీ పత్రాన్ని గుర్తుచేస్తుంది. ఆమె కాగితంపై చచ్చి నేలపై బతికింది. పచిగాం నేలపై చచ్చి కాగితంపై బతికింది. బతికున్నదానిని చంపిన ఊరు చివరికి తానే అబద్ధపు పత్రంగా మిగిలింది.

8. పరిమితులు

నవలను సమర్థించడానికి ఇంతవరకు చేసిన వాదన దాని లోపాలను కప్పిపుచ్చకూడదు. ఢిల్లీలో బూన్యీ పతనాన్ని రచయిత ఆమె శరీరం మీద రాశాడు. ఆమె తిండికీ మత్తుకూ బానిసై స్థూలకాయురాలవుతుంది, అందం పోగానే రాయబారి ఆసక్తీ పోతుంది. ఆమె తిరగబడి, నన్నిలా చేసింది నీవేనని మాక్స్‌ను నిలదీసిన సన్నివేశం శక్తిమంతమైనదే. కానీ అక్కడ ఆమె చేత అమెరికా విధానాన్ని విమర్శింపజేయడంతో, ఆమె గొంతు మళ్లీ అన్యాపదేశానికి సేవచేస్తున్నది. రష్దీ ‘షేమ్’ నవలలోని స్త్రీ చిత్రణపై ఐజాజ్ అహ్మద్ చేసిన విమర్శ ఈ నవలకు కూడా కొంత వర్తిస్తుంది.

ముగింపులోనూ ఇదే ఇబ్బంది ఉంది. మరణశిక్ష పడిన షాలిమార్ జైలు నుంచి తప్పించుకుని వస్తాడు. చీకటిలో విల్లెక్కుపెట్టిన కుమార్తె అతనికి ఎదురవుతుంది. బాణం గురి తప్పదన్న నిశ్చయం, ఇండియా అన్న పేరు లేకుండాపోయి కశ్మీరా మాత్రమే మిగలడం ప్రతీకాత్మకంగా గొప్పగానే ఉన్నాయి. కానీ తల్లి పెట్టిన పేరును ఆమె ధరించింది ప్రతీకారం కోసమే అయితే, తొలి ఏకాంతంలో షాలిమార్ పలికిన ప్రతిజ్ఞ భాషనే ఆమె కూడా నేర్చుకున్నట్లు కాదా? బాణం తగిలిన దృశ్యాన్ని చూపకుండా నవల ఆగిపోవడం ఈ ప్రశ్నను పాఠకునికి అప్పగించడమేనని భావించవచ్చు.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు మూడు. మొదటిది, ‘షాలిమార్ ద క్లౌన్’లో వ్యక్తిగత ద్రోహం రాజకీయ హింసకు ప్రత్యామ్నాయ వివరణ కాదు. సమాజం లోపల ముందే ఉన్న ఒక హింస ఆయుధం సంపాదించుకున్న క్రమానికి అది వివరణ. రెండవది, నవల ఆరాధించిన కశ్మీరియత్ మతాల మధ్య గోడలను దాటగలిగింది కాని, స్త్రీపై హక్కు అన్న గోడను దాటలేదు. నవలాకారుని మమకారం చూడలేకపోయిన ఈ సత్యాన్ని కథలోని పత్రాలు చెబుతున్నాయి. మూడవది, స్త్రీ పాత్రను నేలకో జాతికో ప్రతీకగా చదివే పద్ధతి నిరపాయకరం కాదు. తెలుగు సాహిత్య విమర్శలోనూ మాతృభూమి, పల్లెతల్లి వంటి భావనలతో స్త్రీ పాత్రలను వ్యాఖ్యానించే అలవాటు బలంగా ఉంది. ఆ వ్యాఖ్యానం పాత్రకు గౌరవం కలిగిస్తున్నట్లు కనిపిస్తూనే ఆ పాత్ర కోరికను, తప్పును, నిర్ణయాన్ని ఆమె నుంచి లాగివేస్తుంది.

భూమి అన్న పేరు తనకు వద్దని బూన్యీ బాల్యంలోనే చెప్పింది. ఆమె తండ్రి, భర్త, ప్రియుడు, ఊరు ఎవరూ ఆ మాట పూర్తిగా వినలేదు. కనీసం విమర్శకుడైనా వినవలసి ఉంది.